ఇంకెవరి దగ్గరా లేని అక్షరాలు

హిందూపురం
12-6-1938

తమ్ముడు ఓబుళప్పకు శ్రీనివాసులు ఆశీర్వదించి రాసేది.

నేను, ప్రమీల, ప్రెస్సు ముగ్గురం బాగున్నాము. ధర్మవరంలో నీ మగ్గాలు ఆడుతున్నాయనీ, లక్ష్మీదేవమ్మ, నీ తమ్ముడు నరసింహులు కుశలంగా ఉన్నారనీ తలుస్తాను.

ఊరికే రాయడం లేదు, పని పడి రాస్తున్నాను. ఇంతవరకు మా ప్రెస్సుకు పెళ్ళి పత్రికలు, రసీదు పుస్తకాలు తప్ప చెప్పుకోదగ్గ పని రాలేదు. పోయిన వారం పెనుకొండ నాటక సమాజం మేనేజరు రంగయ్య వచ్చాడు. 'గగనమహల్ రహస్యం' అని కొత్త నాటకం కట్టి ఊరూరా తిప్పబోతున్నారట. గోడలకు అంటించే పెద్ద పోస్టర్లు కావాలన్నాడు. ఇదివరకు బెంగళూరులో వేయించేవాళ్ళు. అక్కడ తెలుగు చూసి దిద్దేవాడు లేక రాజును రోజు చేశారట. అందుకని నా దగ్గరికి వచ్చాడు.

సంతోషంతో తల ఊపేశాను. తర్వాత కూర్చుని చూసుకుంటే నా దగ్గరున్న అక్షరాలతో ఆ పని కాదు. మన తెలుగు అక్షరం కాళ్ళు చాపుకుని కూర్చునే రకం కదా. పెద్ద సైజు పెడితే 'గగన' దగ్గరే కాగితం అయిపోతుంది. చిన్న సైజు పెడితే బజారు అవతలి పక్క నుంచి కనపడదు. పోస్టరంటే నడిచిపోయే మనిషిని నిలబెట్టాలి గదా.

మొన్న రైలు స్టేషను గోడ మీద ఒక సర్కసు వాళ్ళ ఇంగ్లీషు పోస్టరు చూశాను. అక్షరాలు లావుగా ఉన్నాయి, కానీ ఇరుకుగా ఉన్నాయి. పైగా అన్నీ ఒక్క వైపుకు, ముందుకు వాలి ఉన్నాయి. రైలు కదిలేటప్పుడు జనం ఒకరినొకరు ఒత్తుకుంటూ ముందుకు పరుగెత్తినట్టు ఉంది. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమే. అయినా నిలబడి చూశాను, బండి వెళ్ళిపోయిన తర్వాత కూడా చూశాను. ఆ కాగితం ఊడదీసి తెచ్చాను, దీంతో పెట్టి పంపుతున్నాను.

తెలుగులో ఇట్లాంటివి ఎవరూ పోత పోయలేదు. పోయించాలంటే మద్రాసు పోవాలి, అది నా వల్ల కాదు. కానీ చెక్కతో చెక్కేటట్టయితే నువ్వున్నావు. పట్టుచీరలకు నక్షాలు గీసేవాడివి, గుడ్డల మీద వేసే అచ్చులు చెక్కేవాడివి. పెనుకొండ స్కూల్లో నా కన్నా రెండు తరగతులు కింద ఉండి కూడా పలక మీద నువ్వు గీసిన గుర్రం చూడడానికి మా తరగతంతా వచ్చేది. చెక్క ఎత్తు మాత్రం ఇప్పుడు పంపుతున్న సీసం ముక్కతో సరిగ్గా సమానంగా ఉండాలి. ఆలోచించి రాయి.

నీ అన్న
శ్రీనివాసులు


ధర్మవరం
3-7-1938

శ్రీనివాసులన్నకు ఓబుళప్ప నమస్కరించి రాసుకునేది.

నువ్వు పంపిన కాగితం మగ్గం గుంత పక్కన గోడకు అంటించి చూస్తున్నాను. మొదట ఇందులో ఏముంది అనుకున్నాను. నాలుగు దినాలు చూసేసరికి నెత్తికెక్కింది.

మొదట మన 'గ' తీసుకుని రెండు పక్కలా సమానంగా నొక్కి చూశాను. పాడైపోయింది. మా నాయన ఏ నక్షా వేసినా దానికి జోడు ఇంకొకటి చేసి దాచేవాడు, అవి అటక మీద ఉంటే దించాను. వెడల్పు అంచులో ఉన్న నెమలిని ఆయన సన్న అంచులోకి ఎట్లా తెచ్చినాడో చూశాను. సమానంగా నొక్కితే నెమలి కోడి అవుతుంది. ఆయన నిలువు గీతలు లావుగానే ఉంచి, అడ్డం గీతలు పలచన చేసి, తోకను పైకి లేపినాడు. అదే పని అక్షరానికి చేశాను. గుండ్రాలను కోడిగుడ్డు మాదిరి చేసి నిలబెట్టాను. తలకట్టు పొట్టిగా చేసి పైకి నెట్టాను. ఒత్తులతోనే తలనొప్పి. అక్షరం కుడికి వాలితే కింద ఒత్తు ఎడమకు జరగాలి, లేకపోతే అక్షరం ఒక చోట, ఒత్తు ఒక చోట.

ఇంకొక సంగతి. చెక్క నలుచదరంగా ఉంటే వాలిన అక్షరం అందులో పట్టదు, మధ్యన సందులు వస్తాయి. అందుకని చెక్కనే వాలుగా కోస్తున్నాను. వరుస మొదట్లో, చివర్లో మూడు మూలల ముక్కలు పెట్టి బిగించుకోవాలి. అవీ పంపుతాను. చేవ ఉన్న ఇరుగుడు చెక్క దొరికింది.

లక్ష్మీదేవి ఆటపట్టిస్తోంది. "చీర మీద నెమలి వేసేవాడివి, ఇప్పుడు క, గ దిద్దుకుంటాండావా?" అంటుంది. నరసింహులు మాత్రం మగ్గం దిగిన వెంటనే నా పక్కన కూర్చుంటున్నాడు. ఒక పాత రోలరు, కాస్త సిరా పంపితే ఇక్కడే కాగితం మీద ఒత్తి చూసుకుంటామని వాడి కోరిక. వీలయితే పంపు.

ఓబుళప్ప


హిందూపురం
29-8-1938

తమ్ముడు ఓబుళప్పకు,

పెట్టె అందింది. రైలు గార్డు కొండప్ప తన చేతులతో దించి ఇచ్చాడు. తెరిచి చూసి నేనూ ప్రమీలా నోరు తెరిచాము. ఏం చెక్కడం అబ్బా అది! వేలితో తడిమితే ఎక్కడా గరుకు తగలలేదు.

ఆత్రంగా వరుస బిగించి, సిరా పూసి, మొదటి కాగితం తీశాను. అప్పుడే రంగయ్య కూడా వచ్చాడు. ఇద్దరం కాగితం ఎత్తి పట్టుకుని చూశాము. అక్షరాలు చక్కగా చదవవస్తున్నాయి. కానీ అన్నీ వెనక్కి వాలి ఉన్నాయి! ముందుకు పరుగెత్తాల్సిన 'గగనమహల్' ఎవరో రొమ్ము మీద చెయ్యి పెట్టి తోసినట్టు వెనక్కి ఒరిగి ఉంది. రంగయ్య చాలాసేపు చూసి అన్నాడు: "ఏమప్పా, మా రాజు నాటకం మొదలుకాకముందే తాగినాడా?"

నవ్వి నవ్వి నాకు దగ్గు వచ్చింది. తర్వాత ఎందుకు ఇట్లా అయిందో అర్థం అయింది. నువ్వు బొమ్మలో చూసినట్టు చెక్కలను ముందే కుడికి వాలుగా కోసి పెట్టుకున్నావు. వాటిలో అక్షరాన్ని తిరగేసి చెక్కావు. అక్షరం తిరగేస్తే వాలు కూడా తిరగాలి గదా. కాగితం మీద పడేసరికి అక్షరం సరి అయింది, వాలు అటు తిరిగింది.

నిన్ను తప్పు పట్టను. మళ్ళీ చెక్కాలంటే ఎంత కష్టమో తెలుసు. కానీ మళ్ళీ చెక్కక తప్పదు. రంగయ్య నవరాత్రుల దాకా ఆగుతానన్నాడు.

ఇంకొక మాట. ఈ అక్షరాలు నా ప్రెస్సులో తప్ప ఇంకెక్కడా ఉండకూడదు. నువ్వు ఇంకెవ్వరికీ చెక్కి ఇవ్వనని నాకు మాట ఇవ్వాలి. బెంగళూరు వాళ్ళకూ అనంతపురం వాళ్ళకూ పెద్ద మిషన్లు ఉన్నాయి. నాకున్నది ఈ అక్షరాలే.

శ్రీనివాసులు


ధర్మవరం
18-9-1938

అన్నకు నమస్కారం.

నీ ఉత్తరం చదివి నా నెత్తి నేనే కొట్టుకున్నాను. గుడ్డల అచ్చు చెక్కేటప్పుడు నెమలి ఇటు చూసినా అటు చూసినా ఎవరికీ పట్టదు. మామిడి పిందె ఎటు వంగినా చీర చీరే. ఇంతకాలం చేసిన పనిలో ఏ బొమ్మా నన్ను ఇట్లా అడగలేదు. లక్ష్మీదేవి వీధంతా చెప్పింది. ఇప్పుడు నీళ్ళ కోసం వచ్చే ఆడవాళ్ళు కూడా "మీ ఆయప్ప అక్షరాలు లేచినాయా, ఇంకా పడుకోనే ఉండాయా?" అని అడుగుతున్నారు.

కొత్త చెక్కలు ఎడమకు వాలుగా కోశాను. సగం అయిపోయాయి. నరసింహులు ఒక్కొక్కటి ఒత్తి చూసి, ముందుకు వాలితేనే పెట్టెలో పెడుతున్నాడు.

మాట సంగతి. మా వీధిలో ఒక సావుకారుకు వేసిన నక్షా ఇంకొక సావుకారుకు ఇవ్వము. ఇస్తే మళ్ళీ ఎవరూ గడప తొక్కరు. నీకు వేసినదీ అంతే. ఇంకెవ్వరికీ ఇవ్వను.

ఓబుళప్ప


హిందూపురం
11-2-1940

తమ్ముడు ఓబుళప్పకు,

చాలా రోజులకు రాస్తున్నాను, కోపం వద్దు. తీరిక లేదు. తీరిక లేకపోవడానికి కారణం నువ్వే.

మన వాలు అక్షరాలు చూసి నాటకాల వాళ్ళు మడకశిర నుంచి, కదిరి నుంచి కూడా వస్తున్నారు. 'గగనమహల్ రహస్యం' ఒక్క వరుసలో, ఈ చివర నుంచి ఆ చివరకు, బజారు అవతలికి కనిపిస్తోంది. ఇంత లావు అక్షరం ఇంత తక్కువ చోటులో పట్టడం చూసి రంగయ్య తన పేరు కూడా వేయమన్నాడు. వేశాను. ఇప్పుడు హీరో వేషగాడికీ అతనికీ మాటల్లేవు.

ఇవి ఎక్కడ పనికొస్తాయో ఎక్కడ రావో నాకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. సోడా షాపు, కుస్తీ పోటీ, పశువుల సంత, టూరింగు సినిమా, వీటికి దివ్యంగా ఉంటాయి. ఒక్క వరుస పెట్టి, చుట్టూ తెల్లగా వదిలి, మిగిలిన సమాచారమంతా సన్నటి నిలువు అక్షరాల్లో కింద పెట్టాలి. రెండో వరుస కూడా వీటితోనే పెడితే ఇద్దరు ఒకేసారి అరిచినట్టు ఉంటుంది. మొన్న ఒకాయన వాళ్ళ నాయన పెద్దకర్మ పత్రిక వీటితోనే వేయాలని పట్టుపట్టాడు. వద్దంటే వినలేదు. వేసి ఇచ్చాను. చూసినవాళ్ళందరూ ముసలాయన తొందరపడి పోయినట్టుందని అన్నారట. అప్పటి నుంచి చావు పత్రికలకు ఆ పెట్టె తాళం తీయడం లేదు.

బెంగళూరు ప్రెస్సు మనిషి ఒకడు వచ్చి ఈ టైపు ఎక్కడ పోయించారని అడిగాడు. "ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేవు, ఉండవు" అని చెప్పి కాఫీ ఇచ్చి పంపించాను. ఈ మాట బజార్లో అందరికీ చెప్పుకుంటున్నాను. చెప్పుకోవడంలో తప్పేముంది?

శ్రీనివాసులు


ధర్మవరం
20-12-1941

అన్నకు నమస్కారం.

మేము బాగున్నాము. యుద్ధం వల్ల పట్టు నూలు దొరకడం కష్టంగా ఉంది. సగం మగ్గాలు ఆగిపోయినాయి.

ఇక్కడ పెద్ద సావుకారు పెద్దప్ప నన్ను పిలిపించినాడు. చీర పెట్టెల మీద అంటించే చీటీకి మన వాలు అక్షరాలు కావాలట. "నీ చేతి పనే కదప్పా, నీ ఊరి వాడికి ఇస్తే ఏం పోతాది?" అన్నాడు. అవి వేరేవాళ్ళవి అని చెప్పి వచ్చేశాను. ముఖం ముడుచుకున్నాడు. ఏం చేసేది?

నరసింహులు ఖద్దరు కట్టుకుంటున్నాడు. మీటింగులని పోతాడు, ఎప్పుడో వస్తాడు. చెబితే వినే వయసు దాటిపోయింది, పెళ్ళయిన మనిషి. వాడి భార్య గాండ్లపెంటలో పుట్టింటికి పోయింది, కాన్పుకు.

ఓబుళప్ప


హిందూపురం
27-9-1942

తమ్ముడు ఓబుళప్పకు,

ఈ ఉత్తరం ప్రమీల వద్దన్నా రాస్తున్నాను. నీకు ఇంకొకరి నోట తెలియడం నాకు ఇష్టం లేదు.

పదిహేను రోజుల కింద ఇక్కడి నుంచి పెనుకొండ, ధర్మవరం దాకా రైలు స్టేషన్ల గోడలకు ఒక పోస్టరు పడింది. 'దొరా, మూటాముల్లె సర్దుకో' అని ఒక్కటే వరుస. కింద పేరు లేదు, ప్రెస్సు లేదు. నీకూ తెలిసే ఉంటుంది. అక్షరాలు మాత్రం మన వాలు అక్షరాలే. అనుమానమేమీ లేదు.

పెనుకొండ నుంచి సర్కిల్ ఇన్‌స్పెక్టరు వచ్చి నన్ను ఇక్కడి పోలీసు స్టేషనుకు పిలిపించాడు. ఒక చేతిలో ఆ పోస్టరు, ఒక చేతిలో మా నాటకం పోస్టరు. రెండూ బల్ల మీద పక్కపక్కనే పెట్టి, "ఈ అక్షరాలు ఇంకెవరి దగ్గరా లేవని బజారంతా నువ్వే చెప్పుకున్యావంట గదప్పా" అన్నాడు. ఆ మాట నాదే. కాదని ఎట్లా అనేది? నేను వేయలేదని చెప్పాను. నవ్వాడు.

అక్షరాల పెట్టె స్టేషనుకు తీసుకుపోయారు. ప్రెస్సుకు తాళం వేశారు. పొద్దున్నే స్టేషనుకు పోయి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుని రావాలి. ఎవరు వేయించారో దీపావళి లోపల చెప్పకపోతే బళ్ళారి జైలుకు పంపిస్తామనీ, మిషను జప్తు చేస్తామనీ అన్నారు. ప్రమీల అన్నం సరిగా తినడం లేదు. నాకు భయంగా ఉంది, అది దాచను.

నిన్ను అడిగేది ఏమీ లేదు. తెలియజేస్తున్నాను, అంతే.

శ్రీనివాసులు


ధర్మవరం
2-10-1942

అన్నకు నమస్కారం.

నీ ఉత్తరం అందింది. చదువుకున్నాను. ఇక్కడ వానలు పడినాయి. నరసింహులు గాండ్లపెంటకు పోయినాడు, అత్తగారింట్లో వేరుశనగ పీకే పని ఉందంటే నేనే పంపినాను. కొన్నాళ్ళు అక్కడే ఉంటాడు.

వదినను అన్నం తినమని చెప్పు. నాకు ఇప్పుడు చేతి నిండా పని ఉంది. ఎక్కువ రాయలేను.

ఓబుళప్ప


హిందూపురం
4-11-1942

మ.రా.శ్రీ ఓబుళప్ప గారికి,

మీరు నాకు ఇచ్చిన మాట మీకు గుర్తుందో లేదో తెలియదు. నా ప్రెస్సుకు తప్ప ఇంకెవ్వరికీ ఈ అక్షరాలు చెక్కి ఇవ్వనని మీరు మీ చేతులతో రాసి ఇచ్చారు.

ఈ నెల రోజుల్లో నేను చూసినవి, విన్నవి రాస్తున్నాను. ధర్మవరంలో పెద్దప్ప సావుకారు చీర పెట్టెల మీద అవే అక్షరాలు. కదిరిలో నూనె మిల్లు డబ్బాల మీద అవే. నల్లచెరువు సంత నోటీసు మీద, హిందూపురం మండీలో బెల్లం గోనెల మీద కూడా అవే. ఇవన్నీ పోనివ్వండి. పెనుకొండలో సబ్ కలెక్టరు దొరవారి ఆధ్వర్యంలో యుద్ధ నిధికి రంగయ్య ఆడిన నాటకం పోస్టరు అనంతపురంలో వేయించారు. దాంట్లో దొరవారి పేరు కూడా మీ వాలు అక్షరాల్లోనే ఉంది. అది పోలీసు స్టేషను గోడకే అంటించారు.

ఎప్పటి నుంచి అమ్ముకుంటున్నారు? ఎంతమందికి అమ్మారు? నాకు వెంటనే జవాబు రాయండి. ఆ తర్వాత మీకూ నాకూ ఉత్తరాలు వద్దు.

ఇట్లు
శ్రీనివాసులు


ధర్మవరం
9-11-1942

శ్రీనివాసులన్నకు,

మీరు అని రాసినావు. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను ఎప్పుడూ అట్లా పిలవలేదు. ఆ ఒక్క మాట దగ్గర చాలాసేపు ఆగిపోయినాను.

అడిగినావు కాబట్టి చెబుతున్నాను. అమ్ముకున్నాను. మగ్గాలు ఆగిపోయినాయి, ఇల్లు గడవాలి. చాలా కాలం నుంచే అమ్ముతున్నాను. ఎవరెవరికి ఇచ్చినానో లెక్క పెట్టుకోలేదు. అడిగినవాడికల్లా ఇచ్చినాను. ఇప్పుడు ఏ ఊళ్ళో ఎవరి దగ్గర ఉన్నాయో నాకే తెలియదు.

మాట తప్పినవాడిని. ఉత్తరాలు వద్దంటే సరే.

ఓబుళప్ప


హిందూపురం
30-11-1942

తమ్ముడు ఓబుళప్పకు,

ఇది పోస్టులో రావడం లేదు. ప్రమీల చేతికి ఇచ్చి పంపుతున్నాను. చీర కొనే వంకతో వస్తోంది, నిజంగా కొన్నా కొంటుంది.

మొదట ఆ 'మీరు' సంగతి. ఆ ఉత్తరం నేను రాసేటప్పుడు ఇన్‌స్పెక్టరు నా ఎదుట కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఊరూరా ఆ అక్షరాలు కనబడేసరికి అతనికి మతిపోయింది. యుద్ధ నిధి పోస్టరు చూసిన రోజు పై అధికారి కూడా ఏదో అన్నాడట. "చెక్కినోడికి రాయి. నా ముందరే రాయి. ఏం జవాబు వస్తాదో నేనే చూస్తా" అన్నాడు. చదివి, తనే మడిచి, తనే డబ్బాలో వేశాడు. నీ జవాబు కూడా ముందు అతని చేతికే పోయింది. నేను గట్టిగా తిట్టినట్టు కనపడాలి, నువ్వు అమ్ముకున్నానని చెప్పాలి. నువ్వు అదే రాస్తావని నాకు ఎందుకో నమ్మకం. కానీ నీకు 'మీరు' అని రాయడానికి నా చెయ్యి రాలేదు తమ్ముడూ. అతను రెండుసార్లు గొంతు సవరించాడు, అప్పుడు రాశాను. నిన్ను బాధపెట్టాను. ఏమీ అనుకోవద్దు.

నీ జవాబు చదివి, "ఈ అక్షరాలు ఊరి మీద పడినాయి, ఇంక ఎవుర్ని పట్టుకునేది" అన్నాడు. పోయిన శుక్రవారం తాళం తీసి ఇచ్చారు. నన్ను ఇంక రానవసరం లేదన్నారు.

ఇప్పుడు నేను ఇంతవరకు చెప్పనిది చెబుతాను. మొదటి దినం స్టేషనులో రెండు పోస్టర్లు పక్కపక్కనే పెట్టినప్పుడే నాకు తెలిసింది. మా 'మ' ఎప్పుడో నా చేతుల్లోనే జారి కింద పడి, దాని కుడి పక్క కొమ్ము విరిగింది. అప్పటి నుంచి మా పోస్టర్లన్నిటిలో అక్కడ తెల్లగా పడుతుంది. 'మూటాముల్లె' లో రెండు 'మ'లు ఉన్నాయి. రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అంటే అది నా పెట్టెలోది కాదు. ఇంకొక జత ఉంది. ఏది చేసినా దానికి జోడు ఒకటి అటక మీద దాచుకోవడం మీ నాయన కాలం నుంచి మీ ఇంటి పద్ధతి. ఖద్దరు కట్టుకుని మీటింగులకు పోయేది ఎవరో నువ్వే రాశావు.

ఆ కొమ్ము చూపించి ఉంటే నేను ఆ సాయంత్రమే ఇంటికి వచ్చేవాడిని. కానీ ఇది నీది కాకపోతే ఎవరిది అని మరుమాట అడిగేవాళ్ళు. అందుకని ఆ అక్షరం మీద నా కన్ను నిలవకుండా చూసుకుంటూ కూర్చున్నాను. ఆ బెంచీ మీద కూర్చున్నన్నాళ్ళూ, వాళ్ళు ఎక్కడ దాన్ని చూస్తారో అన్న భయం తప్ప నాకు ఇంకొకటి లేదు. ప్రమీలకు కూడా చెప్పలేదు. నిన్న చెప్పాను. ఏడ్చింది, తర్వాత నన్ను తిట్టింది, తర్వాత ధర్మవరం పోతానంది.

ఇప్పుడు ఆ అక్షరాలు అందరి దగ్గరా ఉన్నాయి. రంగయ్య తర్వాతి పోస్టరు కూడా అనంతపురంలోనే వేయిస్తాడట, అక్కడ మిషను పెద్దది. బాధగా లేదని అబద్ధం చెప్పను. మొన్న బెల్లం మండీలో గోనె మీద చూస్తూ నిలబడ్డాను. గోనె మీద కూడా ఎంత బాగున్నాయో! ఇంత కొద్ది రోజుల్లో అన్ని జతలు ఎట్లా చెక్కావురా? నీ చేతులు ఎట్లా ఉన్నాయి?

శ్రీనివాసులు


ధర్మవరం
3-12-1942

అన్నకు ఓబుళప్ప పాదాలకు నమస్కరించి రాసుకునేది.

చేతులు బాగానే ఉన్నాయి. కుడి బొటనవేలు ఇంకా పూర్తిగా వంగడం లేదు, మెల్లగా వంగుతుందని వైద్యుడు చెప్పినాడు. ఒక్క జతా దుడ్లకు ఇవ్వలేదు. ఊరికే ఇస్తానంటే పెద్దప్ప సావుకారు నన్ను పిచ్చివాడన్నట్టు చూసినాడు. అనంతపురం ప్రెస్సుకు నేనే మోసుకుపోయి ఇచ్చి వచ్చినాను.

నీ సెప్టెంబరు ఉత్తరం వచ్చిన దినమే అటక ఎక్కి చూశాను. జోడు పెట్టెలో అక్షరాలకు సిరా అంటుకుని ఉంది. నరసింహులును నిలదీస్తే ఒప్పుకున్నాడు. నీ ప్రెస్సు సంగతి మాత్రం వాడికి చెప్పలేదు. చెబితే ఆ పూటే స్టేషనుకు పోయి నిలబడేవాడు. వాడిని గాండ్లపెంట పంపించి, ఆ జత పొయ్యిలో పెట్టినాను. నిన్ను విడిపించాలంటే వాడి పేరు చెప్పాలి. వాడిని కాపాడాలంటే నువ్వు జైలుకు పోవాలి. నాకు తెలిసిన పని చెక్కడం ఒక్కటే, అందుకని చెక్కుతూ కూర్చున్నాను.

నిన్న నరసింహులు ఇంటికి వచ్చినాడు. ప్రమీల వదిన ఉండగానే నీ ఉత్తరం వాడి ముందు చదివినాను. 'మ' కొమ్ము దగ్గరికి వచ్చేసరికి ఉత్తరం వదిన చేతిలో పెట్టినాను, మిగిలింది ఆమె చదివింది. వాడు లేచి చొక్కా తొడుక్కున్నాడు. ఎక్కడికని అడిగితే, "పెనుకొండకు. నేనే వేసినానని చెప్తా. ఆయప్ప నా కోసం స్టేషనులో బెంచీ మీద కూర్చున్యాడంట, నేను గాండ్లపెంటలో వేరుశనగ పీకుతా ఉంటినే" అన్నాడు.

వాకిలికి అడ్డం నిలబడినాను. "ఆయన రెండు నెలలు మూసుకున్న నోరు నువ్వు ఒక్క పూటలో తెరుస్తావా? నీకేం హక్కుండాదిరా?" అన్నాను. నేను వాడి మీద గట్టిగా అరిచింది అదే మొదలు. గడప మీద కూర్చుని చిన్నపిల్లవాడి మాదిరి ఏడ్చినాడు.

వాడిని ఇంట్లో పెట్టుకుంటే ఏదో ఒక దినం నా కన్ను గప్పి స్టేషనుకు పోతాడు. అందుకని రేపటి బండికి వదినతోబాటు నీ దగ్గరికి పంపిస్తున్నాను. ఈ ఉత్తరం వాడి చేతిలోనే వస్తుంది. పోవద్దని నువ్వు చెబితేనే వింటాడు. నేను చెబితే సగమే వింటాడు. ప్రెస్సులో ఏ పని చెప్పినా చేస్తాడు. సిరా పూయడం వచ్చు, ఎంత బాగా వచ్చో నీకు తెలుసు.

నిన్నటి నుంచి వాడు మెతుకు ముట్టలేదు. వచ్చినప్పుడు ముందు అన్నం పెట్టు, అన్నా. కొట్టేది ఉంటే తర్వాత కొట్టు.

ఓబుళప్ప